అతుకే బలం

నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే మర్నాడు పత్రికల్లో ‘అతుకుల బొంత’ అన్న మాట కనబడుతుంది. ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి కలిపారు కాబట్టి ఏదో ఒకరోజు ఊడిపోతుందని దాని భావం. బొంత కప్పుకుని పెరిగినవాళ్ళు ఈ పోలికను ఒప్పుకోలేరు. మా ఇంట్లో పాత నేత చీరలతో మా అమ్మ కుట్టిన బొంత ఒకటుంది. అవి చీరలుగా బతికిన ఏళ్ళకంటే బొంతగా బతికిన ఏళ్ళే ఎక్కువ. చిరిగినచోట మరో ముక్క వేసి కుట్టిన ప్రతిసారీ దాని ఆయుష్షు పెరిగింది.

కొండాపూర్‌లో మా అపార్టుమెంటులో, పగలు ఆఫీసు లాప్‌టాప్ పెట్టుకునే బల్ల మీదే రాత్రిపూట మిషను పెట్టుకుని ఇప్పుడు నేనూ ముక్కలు కలుపుతున్నాను. మొదటి నెలలో కుట్టినవి చాలావరకు విప్పాల్సి వచ్చింది. ఎందుకు విప్పాల్సి వచ్చిందో ఆలోచిస్తూ పోతే, రేఖాగణితం దగ్గర మొదలై లోహశాస్త్రం దాకా వెళ్ళాను. బొంత దేనివల్ల నిలుస్తుందో, దాన్ని కుట్టే సూదీ కత్తెరా ఎందుకు పాడవుతాయో తెలిస్తే సగం పని వచ్చినట్టే.

పొరల లెక్క

బొంత వెచ్చదనం గుడ్డదనుకుంటాం. అందులో పెద్దవాటా గాలిది. కదలకుండా ఉన్న గాలి వేడిని చాలా నెమ్మదిగా దాటనిస్తుంది. శాస్త్రవేత్తల కొలతలో గాలి ఉష్ణవాహకత సుమారు 0.026, నీటిది సుమారు 0.6. అంటే నీరు గాలికంటే 20 రెట్లకు పైగా చురుగ్గా ఒంటి వేడిని లాగేస్తుంది. తడిసిన బొంత కప్పుకుంటే వణుకు పుట్టేది ఇందుకే. అయితే గాలి కదిలిందంటే వేడిని తనతో మోసుకుపోతుంది. కాబట్టి దాన్ని చిన్నచిన్న ఖాళీల్లో బంధించాలి. నూలు పోగుల మధ్య, చీర పొరల మధ్య జరిగేది అదే. ఆ పొరలు జారి ఒక మూలకు పోగుపడకుండా కుట్లు పట్టి ఉంచుతాయి.

మరి ఆరు పొరలున్నా బొంత అంత మెత్తగా ఎలా ఒంగుతుంది? ఇక్కడొక అందమైన లెక్క ఉంది. ఏ పలకైనా వంగడానికి ఇష్టపడని గుణం దాని మందం ఘనంతో పెరుగుతుంది. మందం రెట్టింపయితే బిగువు 8 రెట్లు. ఆరు చీర పొరల్ని జిగురుతో అతికిస్తే అవి ఒకే మందపాటి పలకలా పనిచేస్తాయి. బిగువు ఒక పొరకంటే 216 రెట్లవుతుంది. ఆ పొరలే ఒకదానిమీద ఒకటి జారగలిగితే బిగువు 6 రెట్లే. బొంతలో వేసే వదులైన రన్నింగ్ కుట్టు ఈ రెంటి మధ్య నిలుస్తుంది. పొరలు విడిపోకుండా పట్టుకుంటుంది, కాస్త జారడానికి చోటిస్తుంది. బిగించి లాగి కుడితే బొంత అట్టలా తయారవుతుంది.

ఈ చుట్టుపక్కల ఆఫీసుల్లో, అపార్టుమెంట్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఏసీ నడుస్తుంది. 2020 జనవరి నుంచి దేశంలో అమ్మే గది ఏసీలన్నీ ముందుగానే 24 డిగ్రీల దగ్గర పెట్టి రావాలన్న నిబంధన ఉంది. ఆ చలికి మందపాటి రజాయి అక్కర్లేదు, పలచని దుప్పటి చాలదు. నాలుగైదు పొరల నూలు బొంత సరిగ్గా సరిపోతుంది. పైగా నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమను మామూలుగానే పీల్చుకుని ఉంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. చెమట పట్టినప్పుడు పాలిస్టర్ కంఫర్టర్ కింద జిగటగా అనిపించడం, నూలు బొంత కింద అనిపించకపోవడం ఈ తేడావల్లే.

మడులూ గట్లూ

ముక్కలు కలిపి గుడ్డ చేయడం మన నేలకు కొత్త కాదు. బౌద్ధుల వినయపిటకంలో మహావగ్గ అనే భాగం ఉంది. బుద్ధుడు మగధలో నడిచి వెళ్తూ వరిమడుల్ని, వాటిని విడదీసే గట్లను చూసి, భిక్షువుల వస్త్రాన్ని అలా కుట్టగలవా అని ఆనందుణ్ణి అడిగాడని అందులో ఉంది. మడిలాంటి పెద్ద ముక్కలు, గట్టులాంటి సన్నని పట్టీలు. ఒక నమూనా, దానికొక కొలత, దాన్నే మళ్ళీమళ్ళీ కుట్టుకుపోవడం. ఇవాళ ప్రపంచమంతా క్విల్ట్ బ్లాక్ అంటున్నది ఇదే ఆలోచన. నాగార్జునకొండలో, అమరావతిలో తిరిగిన భిక్షువులది కూడా ఈ ముక్కల వస్త్ర సంప్రదాయమే. ముక్కలు చేసిన గుడ్డ మీద ఎవరికీ ఆశ పుట్టదన్న వివేకమూ ఆ వినయంలో ఉంది.

మన మధ్యే ఉన్న మరో గొప్ప సంప్రదాయం లంబాడీలది. తండాల్లో పెద్దవయసు ఆడవాళ్ళు వేసుకునే ఫేటియా, కాంచళి, నెత్తిన కప్పుకునే టుక్రీ చూడండి. ఎరుపు, నీలం, పసుపు ముక్కల్ని చతురస్రాలుగా, త్రికోణాలుగా కలిపి, అద్దాలు, గవ్వలు కూర్చి, వాటి చుట్టూ వరసకుట్లు వేస్తారు. కర్ణాటకలోని సండూరు లంబాడీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపీలో జీ20 సంస్కృతి సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాడీ మహిళలు చేసిన 1,755 వస్తువుల్ని ఒకచోట పరిచి గిన్నిస్ రికార్డు సాధించారు. ఉత్తర కర్ణాటకలో బొంతను కౌది అంటారు. బెంగాల్ కాంథా దానికి చుట్టం. జపాన్ పల్లెల్లో నీలిగుడ్డ ముక్కల మీద తెల్లదారంతో వేసే సషికో కుట్టూ మన బొంతకుట్టు లాంటిదే. పేదరికం ఉన్న ప్రతిచోటా, చలి ఉన్న ప్రతిచోటా ఆడవాళ్ళ చేతులు ఇదే జవాబు కనిపెట్టాయి.

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. దానికి నడిచి వెళ్ళేంత దూరంలోనే శిల్పారామం ఉంది. ఒక చోట కోడ్ రాసేవాళ్ళు, మరోచోట చేతితో కుట్టినవీ నేసినవీ అమ్మేవాళ్ళు. ఈ రెండు పనులకూ మధ్య దూరం అనుకున్నంత లేదని ముక్కలు కలపడం మొదలుపెట్టాక తెలిసింది.

పడుగు, పేక, ఐమూల

మొదట గుడ్డ నాడి పట్టుకోవాలి. నేసిన ఏ గుడ్డలోనైనా పొడుగునా సాగేవి పడుగు పోగులు, అడ్డంగా దూరేవి పేక పోగులు. మగ్గం మీద పడుగును బిగించి ఉంచుతారు కాబట్టి ఆ దిక్కున గుడ్డ దాదాపు సాగదు. పేక దిక్కున కొంచెం సాగుతుంది. ఐమూలగా పట్టి లాగితే మాత్రం గుడ్డ రబ్బరులా సాగిపోతుంది. ఎందుకంటే అప్పుడు ఏ పోగూ పొడవు పెరగాల్సిన పని లేదు. పోగులు ఒకదానినొకటి దాటే చోట్ల, కీలు మీద తిరిగినట్టు తిరుగుతాయి. చతురస్రాకారపు గడులన్నీ నలిగి వజ్రాకారమవుతాయి. నాలుగు వెదురు కర్రలు మేకులతో కలిపిన చట్రాన్ని మూలలు పట్టి లాగినా ఇలాగే ఒరుగుతుంది.

జాకెట్టు మెడకు వేసే పట్టీని టైలర్లు ‘క్రాస్’లో కోసేది ఈ గుణం కోసమే. గుండ్రని మెడ చుట్టూ అది ముడత పడకుండా తిరుగుతుంది. అక్కడ అవసరమైన గుణమే బొంతముక్కకు శత్రువు. అంచు ఐమూలగా పడిన ముక్క కుట్టేలోపే సాగి, చతురస్రం కాస్తా సమచతుర్భుజమవుతుంది. కాబట్టి ముక్కలు కోసేటప్పుడు అంచులు పడుగు పేకల వెంటే పడాలి. పడుగు ఎటో తెలియకపోతే ముక్కను రెండు చేతులా పట్టి చటుక్కున లాగండి. బిగువుగా ‘టప్’మని మోగే దిక్కు పడుగు, మెత్తగా సాగే దిక్కు పేక.

త్రికోణాల్లో ఒక అంచు ఐమూలగా పడక తప్పదు. దానికి మందు మన వంటింట్లోనే ఉంది. కోసేముందు గుడ్డకు గంజి పెట్టి ఇస్త్రీ చేయాలి. బియ్యపు పిండిపదార్థం పోగుల కూడళ్ళలో ఆరి వాటిని తాత్కాలికంగా అతికిస్తుంది. కీళ్ళు బిగుసుకుంటాయి కాబట్టి గుడ్డ కాగితంలా నిలబడుతుంది. బొంత పూర్తయ్యాక ఉతికితే గంజి పోతుంది. గంజితోనే నెలల తరబడి దాచిపెడితే మాత్రం బొద్దింకలు, వెండిరంగు పురుగులు వాలతాయి.

కొత్త గుడ్డ, పాత గుడ్డ కలిపేటప్పుడు కొత్తదాన్ని ముందుగా ఉతకడం మరవకూడదు. పాతది కుంచించుకోవాల్సినంతా ఎప్పుడో కుంచించుకుంది. కొత్తది మొదటి ఉతుకులో కుంచించుకుని పక్కముక్కను లాగేస్తుంది. ముదురు ఎరుపు, నీలాల్ని తెల్లగుడ్డతో కలిపి తడిపి ఇస్త్రీ చేసి చూడండి. తెల్లదానికి రంగంటితే ఆ ముక్క బొంతలోకి వద్దు.

పావు అంగుళం

నేర్చుకునేవాళ్ళకు తొమ్మిది గళ్ళ బ్లాక్ మంచి మొదలు. అడ్డం మూడు, నిలువు మూడు చతురస్రాలు. కుట్టాక ఒక్కో గడి 4 అంగుళాలు రావాలి, బ్లాక్ 12 అంగుళాలు. కుట్టు లోపలికి నాలుగువైపులా పావు అంగుళం పోతుంది కాబట్టి ముక్కను 4½ అంగుళాలకు కోయాలి. మూడేసి ముక్కల్ని కలిపి మూడు వరసలు, ఆ వరసల్ని కలిపితే బ్లాక్. అది పక్క బ్లాకులతో కలవకముందు 12½ అంగుళాలు ఉండాలి. నా మొదటిది 12¼ వచ్చింది. పావు అంగుళమేగా అని వదిలేశాను. ఆ పావే తర్వాత వారం రోజులు విప్పించింది.

లెక్క చూడండి. 60 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు బొంతకు 12 అంగుళాల బ్లాకులు 35 కావాలి. పొడుగు వరసలో 7 బ్లాకులు, అంటే 21 గడులు, వాటి మధ్య 20 కుట్లు. కుట్టే గీత పావుకంటే అంగుళంలో పదహారోవంతు లోపలికి జరిగిందనుకుందాం. ఒక్కో కుట్టులో రెండు ముక్కల నుంచీ అంత పోతుంది కాబట్టి కుట్టుకు ఎనిమిదోవంతు నష్టం. 20 కుట్లకు 2½ అంగుళాలు! అదే మన చెయ్యి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి యాదృచ్ఛికంగా తప్పుతుంటే, తప్పులు ఒకదానినొకటి కొంత రద్దు చేసుకుంటాయి. అప్పుడు మొత్తం తేడా కుట్ల సంఖ్య వర్గమూలంతో పెరుగుతుంది. 20 వర్గమూలం దాదాపు 4½, కాబట్టి తేడా అర అంగుళానికి కాస్త పైన. అప్పుడప్పుడూ వణికే చేతికంటే ఎప్పుడూ ఒకే తప్పు చేసే చెయ్యి ప్రమాదం. కొలతలతో పనిచేసే ప్రతి శాస్త్రంలోనూ ఈ తేడా మొదటి పాఠం.

అన్ని బ్లాకులూ ఒకేలా చిన్నవైతే బొంత కాస్త చిన్నదవుతుంది, అంతే. చిక్కు వచ్చేది రకరకాల బ్లాకులు కలిసినప్పుడు. తొమ్మిది గళ్ళ బ్లాకులో అడ్డంగా రెండు కుట్లుంటే, నాలుగు గళ్ళ దానిలో ఒకటే ఉంటుంది. మొదటిది పావు అంగుళం తగ్గితే రెండోది ఎనిమిదోవంతే తగ్గుతుంది. పక్కపక్కన పెడితే మూలలు కలవవు.

దీనికి చిన్న పరీక్ష ఉంది. 1½ అంగుళాల వెడల్పున్న మూడు పట్టీలు కోసి పక్కపక్కన కలపండి. ఇస్త్రీ చేసి మధ్య పట్టీని కొలవండి. సరిగ్గా 1 అంగుళం ఉండాలి. తక్కువుంటే కుట్టుగీత లోపలికి పోతోందని అర్థం. నిజానికి కుట్టును పావుకి వెంట్రుకవాసి తక్కువగా వేయాలి. కుట్టు దగ్గర గుడ్డ మడత తిరగడానికే కొంచెం గుడ్డ ఖర్చవుతుంది. సరైన గీత దొరికాక మిషను పలక మీద ఆ దూరంలో రంగు టేపు ముక్క అంటించి, గుడ్డ అంచును దాని వెంట నడిపిస్తే చాలు. కంటికి సూదిని చూసే అలవాటు మాన్పించి టేపును చూడటం నేర్పాలి.

త్రికోణాల దగ్గర ఇంకో వింత. 4 అంగుళాల చతురస్రాన్ని రెండు రంగుల త్రికోణాలతో చేయాలంటే, కుట్టు పుస్తకాలన్నీ 4 అంగుళాల 7/8 కొలతకు చతురస్రం కోసి ఐమూలగా చీల్చమంటాయి. ఈ 7/8 ఎక్కడిది? త్రికోణానికి మూడు వైపులా పావు అంగుళం చేర్చాలి. లంబకోణం దగ్గర పావు చేర్చితే పావే పెరుగుతుంది. కాని సన్నని మొన దగ్గర అంచులు ఏటవాలుగా కలుస్తాయి కాబట్టి మొన చాలా దూరం ముందుకు పోతుంది. రెండూ కలిపి భుజం పెరిగేది పావు అంగుళానికి (2+√2) రెట్లు, అంటే 0.853. దానికి దగ్గరి టేపు కొలత 7/8, అంటే 0.875. ఎనిమిదో తరగతిలో √2 ఎందుకని అడిగిన పిల్లలకు ఈ ముక్క చేతిలో పెట్టి చూపించవచ్చు.

ఇంకా సులువైన దారి ఉంది. రెండు రంగుల 5 అంగుళాల చతురస్రాల్ని ముఖాముఖి పెట్టి, ఐమూలగా గీత గీసి, గీతకు రెండువైపులా పావు దూరంలో కుట్టి, తర్వాత గీత వెంట కోయాలి. ఒకేసారి రెండు బ్లాకులు వస్తాయి. కుట్టాకే కోస్తున్నాం కాబట్టి ఐమూల అంచు సాగే అవకాశమే ఉండదు. చివరికి 4½ అంగుళాలకు చక్కగా అంచులు కోసుకుంటే సరి.

టీషర్టుల సంగతి

సైబరాబాద్ ఇళ్ళలో బీరువా తెరిస్తే పాత టీషర్టుల దొంతరలు ఉంటాయి. ప్రాజెక్టు విడుదలైనప్పటివి, మారథాన్లవి, కాలేజీవి. వాటితో బొంత కుట్టాలని చాలామందికి ఉంటుంది. అయితే టీషర్టు నేసిన గుడ్డ కాదు, అల్లిన గుడ్డ. ఒకే దారం ఉచ్చుల్లో ఉచ్చుగా దూరి తయారవుతుంది. ఉచ్చు ఎటు లాగినా రూపం మార్చుకోగలదు కాబట్టి అన్ని దిక్కులా సాగుతుంది. జాకెట్ల చేతులకూ కాలర్లకూ టైలర్లు వాడే పలచని ఫ్యూజింగును వెనక ఇస్త్రీతో అతికించాక కోస్తే ముక్క నిలబడుతుంది. ఫ్యూజింగు వేడికి కరిగే చిన్న జిగురు చుక్కలున్న గుడ్డ.

సూది కూడా మార్చాలి. మామూలు సూది మొన ఉచ్చు దారాన్ని పొడిచి తెంపవచ్చు. తెగిన ఒక్క ఉచ్చు నుంచి నిచ్చెన మెట్లలా కిందిదాకా విడిపోతుంది. బాల్ పాయింట్ సూది మొన గుండ్రంగా ఉండి దారాన్ని పక్కకు తోసి ఖాళీలోంచి దూరుతుంది. గంతకు తగ్గ బొంత అన్నారు పెద్దలు. బట్టకు తగ్గ సూది అన్నది దాని పక్కన చేర్చుకోవాల్సిన మాట.

సూది బతికేది ఎన్నాళ్ళు?

కుట్టుమిషను సూదికి కన్ను మొన దగ్గర ఉంటుంది. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పొందిన పేటెంటులో ఇదే కీలకం. 1851లో ఐజాక్ సింగర్ తన మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. యంత్రాల్ని అనుమానంగా చూసిన గాంధీజీ కూడా 1924లో జరిగిన ఒక సంభాషణలో సింగర్ మిషనును మినహాయించాడు. మనిషి శ్రమ మీద ప్రేమతో పుట్టిన యంత్రంగా దాన్ని చూశాడు.

సూది కిందికి దిగి, మళ్ళీ పైకి లేవడం మొదలుపెట్టిన క్షణంలో అసలు పని జరుగుతుంది. సూదికి ఒకవైపు పొడవాటి గాడి ఉంటుంది. ఆ వైపు దారం గాడిలో జారుతుంది. రెండోవైపు దారాన్ని గుడ్డ రాపిడి పట్టేస్తుంది, కాబట్టి సూది రెండు మిల్లీమీటర్లు లేచేసరికి అక్కడ దారం ఉబ్బి చిన్న ఉచ్చవుతుంది. కింద తిరిగే కొక్కెం ఆ ఉచ్చును అందుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. పై దారం, కింది దారం గుడ్డ మధ్యలో ముడిపడతాయి. ఉచ్చు ఏర్పడేది మిల్లీమీటర్ల చోటులో. సూది వెంట్రుకంత వంగినా కొక్కెం ఉచ్చును అందుకోలేదు, కుట్టు తప్పుతుంది. కుట్లు తప్పుతుంటే మిషను పాడైందని కంగారు పడకుండా ముందు సూది మార్చి చూడాలి. దాదాపు ఎనిమిది గంటల కుట్టుపనికి ఒక సూది అన్నది మంచి లెక్క. గుడ్డలో దూరేటప్పుడు ‘టక్ టక్’మని చప్పుడొస్తే మొన మొద్దుబారిందని గుర్తు.

సూది పొట్లం మీద 90/14, 100/16 అని రెండు అంకెలుంటాయి. మొదటిది మందం, మిల్లీమీటరులో నూరోవంతుల్లో. 90 అంటే 0.9 మిల్లీమీటరు. పలచని నూలు ముక్కలకు 75/11 లేదా 80/12, బొంత పొరలన్నీ కలిపి కుట్టేటప్పుడు 90/14 బాగుంటాయి. గుడ్డ అడుగున దారం గుత్తులు గుత్తులుగా వస్తే చాలామంది బాబిన్ విప్పుతారు. తప్పు సాధారణంగా పైనే ఉంటుంది. పై దారం బిగింపు పళ్ళేల మధ్య కూర్చోలేదు, అందుకే అడుగున వదులుగా పోగుపడుతోంది. మిషను పాదం ఎత్తి దారం మళ్ళీ ఎక్కిస్తే తొంభై పాళ్ళు సర్దుకుంటుంది.

కత్తెరకు కాగితం విషం

మా గల్లీ చివర టైలరన్న దగ్గర కత్తెర కొనడానికి సలహా అడిగితే ఒకే మాట చెప్పాడు: “మేడం, గా కత్తెరతోని కాయితం మాత్రం కొయ్యకుండ్రి.” కారణం కాగితం తయారీలో ఉంది. తెల్లదనం కోసం, నునుపు కోసం కాగితంలో సుద్ద, చైనా మట్టి వంటి ఖనిజాల పొడి కలుపుతారు. ప్రతి కోతలో ఆ పొడి ఉక్కు అంచును గరుకు రాయిలా అరగదీస్తుంది. నూలు పోగుల్లో అలాంటి పొడి లేదు.

కత్తెర కోసేది రెండు కత్తుల్లా కాదు. రెండు అంచులు ఏ క్షణంలోనైనా ఒకే బిందువు దగ్గర తాకుతాయి. ఆ బిందువు మడమ నుంచి మొన దాకా ప్రయాణిస్తుంది. అక్కడ గుడ్డను పైకొకటి, కిందికొకటి నెట్టి తెంపుతాయి. కత్తెర కింద పడితే అంచు బాగానే కనిపించినా ఆ బిందువు తప్పుతుంది. అప్పుడు గుడ్డ కోతపడకుండా అంచుల మధ్య మడతపడి నలుగుతుంది. పలచని గుడ్డను మొనతో కోసి చూస్తే తెలిసిపోతుంది.

సాన పట్టించేటప్పుడు ఒక జాగ్రత్త. తిరిగే రాయి మీద ఎక్కువసేపు ఆనిస్తే ఉక్కు కాగి, అంచు మీద నీలిరంగు తేలుతుంది. అది దాదాపు 300 డిగ్రీలు తాకిందన్న గుర్తు. కత్తెరకు పదునును నిలిపే గట్టిదనం అక్కడ తగ్గిపోతుంది. మధ్యమధ్య నీళ్ళలో ముంచి చల్లార్చే సానవాడి చేతిలోనే కత్తెర పెట్టాలి. ఇప్పుడు చాలామంది వాడే చక్రపు కత్తి, అంటే రోటరీ కట్టర్, 1979లో జపాన్ సంస్థ ఓల్ఫా తెచ్చింది. ముక్కలు కచ్చితంగా పడటానికి అది గొప్ప సాయం. పక్కన పెట్టిన ప్రతిసారీ దాని పదును మూసేయాలి, పిల్లలున్న ఇంట్లో మరీను.

ఏ నూనె, ఎంత నూనె

ఇంట్లో మిషను బిగుసుకుంటే చేతికి అందే కొబ్బరినూనె చుక్క వేయడం చాలాచోట్ల చూశాను. అది మంచి చేయదు. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. డిసెంబరు పొద్దున హైదరాబాద్‌లో 15 డిగ్రీల చలిలో అది ఇరుసుల మధ్య మైనంలా నిలుస్తుంది. ఏసీ గదిలోనైతే ఎండాకాలం కూడా అదే పరిస్థితి. వేరుసెనగ, నువ్వుల నూనెలది ఇంకో సమస్య. వాటి అణువుల్లో ఉండే జంట బంధాల దగ్గర గాలిలోని ఆక్సిజన్ చేరి, అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వంటింటి బాణలి అంచున పట్టే జిగురు అలాంటిదే. మిషను నూనె పెట్రోలియం నుంచి వచ్చే పలచని ఖనిజ నూనె. దానిలో ఈ జంట బంధాలు దాదాపు ఉండవు కాబట్టి జిగురుకట్టదు.

నూనె వేసేముందు దూది దుమ్ము తీయాలి. సూది పలక విప్పితే, గుడ్డను ముందుకు జరిపే పళ్ళ మధ్య, షటిల్ చుట్టూ నూలు దుమ్ము నమదాలా పేరుకుని ఉంటుంది. అది నూనెను పీల్చుకుని ఇరుసులకు అందనివ్వదు. నోటితో ఊదకూడదు. ఊపిరిలోని తేమ లోపలి ఉక్కుకు తగులుతుంది, దుమ్ము ఇంకా లోతుకు పోతుంది. మెత్తని బ్రష్షుతో బయటికి లాగాలి. తర్వాత ఇరుసు ఇరుసుకూ ఒక్కో చుక్క, కాసేపు ఖాళీగా తొక్కి, పాతగుడ్డ మీద కుట్టి మిగిలిన నూనె తుడవాలి. కంప్యూటరు మిషన్లలో కొన్నింటికి నూనె వేయకూడదు. వాటికి తయారీదారు పుస్తకం చెప్పిందే చేయాలి.

తుప్పు పట్టే వాన నెలలు

ఇనుము తుప్పుపట్టాలంటే ఆక్సిజన్ ఒక్కటే చాలదు, నీరూ కావాలి. గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటితే ఉక్కు మీద కంటికి కనిపించని నీటిపొర ఏర్పడి తుప్పు వేగం పెరుగుతుంది. మన ఊళ్ళో జులై నుంచి సెప్టెంబరు దాకా ఆ హద్దు దాటే రోజులే ఎక్కువ. చేతి చెమటలోని ఉప్పు ఆ నీటిపొరను విద్యుత్తు బాగా పారే ద్రావణంగా మారుస్తుంది. తుప్పు పట్టడంలో జరిగేది విద్యుత్ రసాయన చర్యే కాబట్టి ఉప్పు దాన్ని ఉరికిస్తుంది. సూదిని వాడాక పొడిగుడ్డతో తుడిచి పెట్టడమనే చిన్న అలవాటు అందుకే అంత విలువైంది.

కొత్త ఫోన్లతో, హెడ్‌సెట్లతో పాటు వచ్చే సిలికా జెల్ పొట్లాల్ని పారేయకండి. ఆ గింజల నిండా సూక్ష్మరంధ్రాలుంటాయి. తేమ గాలిలో తమ బరువులో మూడోవంతు దాకా నీటిని లోపలి గోడలకు పట్టుకోగలవు. సూదులు, కత్తెర, బాబిన్లు ఉన్న గట్టిమూత డబ్బాలో రెండు పొట్లాలు వేస్తే వానాకాలం గడిచిపోతుంది. పాత సూదుల్నీ వంగిన గుండుసూదుల్నీ ఖాళీ మందుసీసాలో వేసి మూతపెట్టండి. చెత్త ఏరే చేతుల్ని గుర్తుపెట్టుకోవడం కూడా పనిముట్ల సంరక్షణలో భాగమే.

చిరుగు ఎక్కడ ఆగుతుంది

చివరగా మళ్ళీ అతుకు దగ్గరికి. గుడ్డ ఎలా చిరుగుతుంది? చిరుగు కొనలో, లాగే బలమంతా ఒకటి రెండు పోగుల మీద పడుతుంది. అవి తెగగానే ఆ భారం పక్క పోగులకు వెళ్తుంది. చిరుగు అలా పరుగెడుతుంది. పదునైన మూల ఎక్కడుంటే బలం అక్కడ పోగుపడుతుంది. 1954లో కూలిన కామెట్ విమానాల్ని పరిశోధిస్తే, లోహపు పగుళ్ళు కిటికీ వంటి రంధ్రాల మూలల దగ్గర మొదలయ్యాయని తేలింది. అందుకే ఇప్పటి విమానాల కిటికీలకు గుండ్రని మూలలుంటాయి. అందుకే బొంతకు అతుకు వేసేటప్పుడు ముక్క మూలల్ని కాస్త గుండ్రంగా కోయాలి. చిరుగు అంచు దగ్గరే ఆపకుండా, చుట్టూ గట్టిగా ఉన్న గుడ్డ మీదికి వేలెడు దాకా పోవాలి. అప్పుడు భారం అరిగిన పోగుల్ని వదిలి ఆరోగ్యంగా ఉన్న పోగుల మీదికి పంచుకుపోతుంది.

ఒకే పెద్ద గుడ్డలో మొదలైన చిరుగు ఆ చివర దాకా పోగలదు. బొంతలో అది పక్క కుట్టు దాకా వస్తుంది. అక్కడ మడతపడిన గుడ్డ, దారం, పోగుల దిక్కు మారిన మరో ముక్క ఎదురవుతాయి. సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. మా అమ్మ బొంతలో వెతికితే ఇలా ఆగిపోయిన చిరుగులు పదకొండు కనిపించాయి. ఒక్కోదాని మీద ఒక్కో కాలపు గుడ్డముక్క ఉంది. ఆ ముక్కలన్నీ వేళ్ళతో తడుముతూ లెక్కపెట్టి, ఇంకా అతుకు పడని పన్నెండో చిరుగుకు నేను కుట్టిన మొదటి బ్లాకును, 12¼ అంగుళాల దగ్గర తప్పిపోయిన ఆ బ్లాకును, మూలలు గుండ్రంగా కోసి అతికాను. కొలత కలవని చోటే అది సరిగ్గా ఒదిగింది.